రాజ్యసభకి వెళ్లిన ఒక పెన్షన్ పిటిషన్: 142వ రిపోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా

పార్లమెంట్‌లో మామూలు మనిషి కూడా పిటిషన్ వేయొచ్చు అంటే సగం మంది నమ్మరు, నమ్మినవాళ్లేమో వేస్తే చాలు పని అయిపోయినట్టే అనుకుంటారు. నేను పెన్షనర్ల సంఘాలకి పిటిషన్లు డ్రాఫ్ట్ చేసి పెట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నా, ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి ఒకే కేసు చెప్తా, మాజీ సైనికుల వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఓఆర్‌ఓపీ), అంటే ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకి ఒకే పెన్షన్. ఎందుకు అదే అంటే, పిటిషన్ కమిటీకి వెళ్లడం, రిపోర్ట్ రావడం, బడ్జెట్ స్పీచ్‌లోకి ఎక్కడం, జంతర్ మంతర్ దగ్గర టెంట్లు, సర్కారు ఆర్డర్, మళ్లీ సుప్రీంకోర్టు, ఇలా ఒక పిటిషన్ పడే దారి మొత్తం రికార్డు మీద దొరికే కేసు మన దేశంలో నాకు తెలిసి ఇంకోటి లేదు.

సమస్య తెలిసిందే, అయినా క్లుప్తంగా చెప్తా. ఇద్దరు హవల్దార్లు, ఒకే ర్యాంక్, ఒకే సర్వీస్, కానీ ఒకాయన ముందు పే కమిషన్ టైంలో దిగిపోయాడు, ఇంకొకాయన తర్వాతి పే కమిషన్ వచ్చాక దిగాడు, పెన్షన్‌లో తేడా వేలల్లో ఉంటుంది. సివిల్ ఉద్యోగి అయితే 60 దాకా చేస్తాడు కాబట్టి రిటైరయ్యాక ఒకటో రెండో పే కమిషన్లు చూస్తాడు, జవాన్ అలా కాదు, 35, 40 ఏళ్లకే యూనిఫాం తీసేస్తాడు, ఆ తర్వాత వచ్చే పే కమిషన్లన్నీ పెన్షనర్‌గానే చూడాలి, ప్రతిసారీ కొత్తవాళ్లకీ తనకీ గ్యాప్ పెరుగుతూనే ఉంటుంది. దీనికి తోడు మూడో పే కమిషన్ తర్వాత 1973లో జవాన్ల పెన్షన్ ఆఖరి జీతంలో 70 శాతం నుంచి 50 శాతానికి పడిపోయిందని మాజీ సైనికుల వాదన, ఈ గొడవకి మూలం అదేనంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, మిలిటరీ మాధవరం అంటారు, తరతరాలుగా ఆర్మీకి మనుషుల్ని పంపిన ఊరు, అలాంటి చోట ఇది పేపర్లో చదివే విషయం కాదు, పక్కింటి పాస్‌బుక్‌కీ మనింటి పాస్‌బుక్‌కీ తేడా.

వీళ్లు చేయని పోరాటం లేదు, మెడల్స్ కూడా తిరిగి ఇచ్చేశారు. పెన్షనర్లని రిటైరైన తేదీని బట్టి రెండు ముక్కలు చేయడం కుదరదని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తేదీనే ఇప్పటికీ పెన్షనర్స్ డేగా జరుపుకుంటున్నాం, అయినా సైనికుల విషయం ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు ఈ సంగతి ఒక పిటిషన్ రూపంలో రాజ్యసభ పిటిషన్స్ కమిటీ ముందుకొచ్చింది. కౌంటర్‌సైన్ చేసింది, అంటే పిటిషన్ మీద ఎంపీగా సంతకం పెట్టింది, రాజీవ్ చంద్రశేఖర్, అప్పట్లో కర్ణాటక నుంచి ఇండిపెండెంట్ ఎంపీ. కమిటీ చైర్మన్ భగత్ సింగ్ కోశ్యారీ.

ఇక్కడ కాస్త ఆగి, అసలు పిటిషన్ లోపలికి ఎలా వెళ్తుందో చెప్పాలి, నా దగ్గరికొచ్చే డ్రాఫ్టుల్లో చాలా వరకు గుమ్మం దగ్గరే ఆగిపోయేలా ఉంటాయి కాబట్టి.

పిటిషన్స్ కమిటీ నిన్న మొన్నటిది కాదు, 1924లో అప్పటి సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీలోనే మొదలైంది. ఇప్పుడు లోక్‌సభలో 15 మంది, రాజ్యసభలో 10 మంది, మంత్రులెవరూ ఉండరు. పిటిషన్ ఏదైనా బిల్లు మీద వేయొచ్చు, సభ ముందున్న పని మీద వేయొచ్చు, లేదా ప్రజలందరికీ సంబంధించిన విషయం మీద వేయొచ్చు. బ్రిటన్‌లో ఆన్‌లైన్ పిటిషన్‌కి 10,000 సంతకాలొస్తే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే చర్చకి పరిశీలిస్తారు, మన దగ్గర ఆ లెక్క లేదు, ఒక్క సంతకమున్నా చాలు. సంఘాల నాయకులకి ఈ మాట అస్సలు నచ్చదు, వాళ్లకి సంతకాల కట్ట ఎంత లావుంటే అంత బలం. కమిటీ చూసేది కట్ట లావు కాదు, విషయం ఎంతమందికి తగులుతుందనేది.

గేటు దగ్గర ఆపేవి వేరే ఉన్నాయి. లోక్‌సభ రూల్ 160 తీస్తే స్పష్టంగా ఉంటుంది: కోర్టు పరిధిలో ఉన్న విషయం కుదరదు, రాష్ట్ర అసెంబ్లీలో ఎత్తాల్సిన విషయం కుదరదు, చట్టంలోనో రూల్స్‌లోనో వేరే దారి ఉంటే కుదరదు. పిటిషన్‌కి ఉత్తరాలు, అఫిడవిట్లు, కాగితాలు జత చేయకూడదు, ఇది విన్నప్పుడల్లా జనం మొహాలు మారిపోతాయి, ఎందుకంటే ఎవరొచ్చినా సంచీ నిండా జిరాక్సులతోనే వస్తారు. కాగితంలో చెప్పాల్సింది కాగితంలోనే చెప్పాలి, సాక్ష్యాలు అడిగినప్పుడు ఇవ్వాలి. భాష మర్యాదగా ఉండాలి. హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగులో రాసుకోవచ్చు కానీ ఆ రెంటిలో ఒకదాంట్లోకి అనువాదం పెట్టి దాని మీద కూడా సంతకం చేయాలి. సంతకం పెట్టినవాళ్ల పూర్తి పేరు, అడ్రస్ ఉండాలి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. చివర ప్రేయర్ ఉండాలి, అంటే సభని ఏం కోరుతున్నామో ఖచ్చితంగా. ఎంపీ ప్రవేశపెడితే ఆయన కౌంటర్‌సైన్ కావాలి, ఎంపీ తన సొంత పిటిషన్ తనే ప్రవేశపెట్టడానికి లేదు. సభలో ఆ నిమిషం చూస్తే చాలా మందికి నిరుత్సాహంగా ఉంటుంది, ఎంపీ లేచి ఫలానా విషయం మీద ఫలానావాళ్లు సంతకం చేసిన పిటిషన్ సమర్పిస్తున్నా అని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంటాడు, చర్చ ఉండదు, ఆ కాగితం కమిటీకి వెళ్లిపోతుంది. టీవీలో చూద్దామని ఊరంతా కూర్చుంటే కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది.

ఇవన్నీ కుదరకపోతే కమిటీకి నేరుగా రిప్రజెంటేషన్ పంపే దారి కూడా ఉంది, లోక్‌సభలో స్పీకర్ డైరెక్షన్ 95 కింద. అక్కడ కూడా పేరూ అడ్రస్ లేని ఉత్తరాలు పక్కన పెట్టేస్తారు, వేరే ఆఫీసుకి రాసిన దాని కాపీ ఊరికే పంపినా అంతే. మనవాళ్లకి ప్రధానమంత్రికి రాసి కింద పది మందికి కాపీలు కొట్టే అలవాటు బాగా ఉంది, అలా వెళ్లిన కాపీలో కమిటీని ప్రత్యేకంగా ఏదైనా కోరితే తప్ప అది లెక్కలోకి రాదు.

సరే, ఓఆర్‌ఓపీకి వద్దాం.

ఆ పిటిషన్ బలమంతా అడిగింది ఒక్కటే కావడంలో ఉంది. మాజీ సైనికులకి క్యాంటీన్ సమస్య, హాస్పిటల్ సమస్య, పునరావాసం, పిల్లల రిజర్వేషన్, బోలెడు ఉన్నాయి, అవేవీ కలపలేదు. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు, ఒకే పెన్షన్. కమిటీ పిటిషన్ వేసినవాళ్ల మాట విన్నది, రక్షణ శాఖని పిలిచింది, ఆర్థిక శాఖనీ అడిగింది. డిపార్ట్‌మెంట్లు ఎప్పటిలాగే మూడు రకాల ఇబ్బందులు చెప్పాయి, పరిపాలనాపరమైనవి, డబ్బుకి సంబంధించినవి, న్యాయపరమైనవి. అంతకు ముందు ఇవే మాటలు సంఘాలకి ఒక్కో ఉత్తరంలో ఒక్కో ముక్కగా వచ్చేవి, దేనికీ ఎవరూ పూచీ లేరు. పార్లమెంటరీ కమిటీ ముందు అలా కుదరదు, అధికారులు వచ్చి కూర్చుని చెప్పాలి, అది రికార్డవుతుంది, కమిటీ ఎదురు ప్రశ్న వేస్తుంది, లెక్క ఎంత అంటే అంకె చెప్పాలి. అలా బయటికొచ్చిందే 1300 కోట్ల అంకె, అందులో 1065 కోట్లు జవాన్ల స్థాయి వాళ్లకి, 235 కోట్లు ఆఫీసర్లకి. అన్నేళ్లుగా "మోయలేని భారం" అని తప్పించుకుంటూ వచ్చినదానికి ఒక సైజు కమిటీ రికార్డులోకి ఎక్కింది. ఈ దేశానికి 1300 కోట్లు పెద్ద మొత్తం కాదని కమిటీ రాసేసింది, మెడల్స్ వెనక్కిచ్చే పరిస్థితి రావడం మీద బాధపడింది, ఓఆర్‌ఓపీ ఇవ్వాల్సిందేనని సిఫార్సు చేసింది. 142వ రిపోర్టు, 2011 డిసెంబర్ 19న సభ ముందుకొచ్చింది.

నా వరకు ఆ రిపోర్టులో సిఫార్సు కంటే విలువైనది నిర్వచనం. ఒకే ర్యాంకులో, అంతే సర్వీసుతో రిటైరైనవాళ్లకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్, ముందు ముందు పెన్షన్ రేట్లు ఎప్పుడు పెరిగినా ఆ పెంపు పాత పెన్షనర్లకి దానంతటదే వెళ్లాలి. దాదాపు ఇంతే, రెండు లైన్లు. అప్పటిదాకా ఓఆర్‌ఓపీ అంటే తలా ఒక అర్థం చెప్పేవాళ్లు, ఈ రిపోర్టు తర్వాత అందరూ ఈ రెండు లైన్లనే పట్టుకుని మాట్లాడారు. 2014 ఫిబ్రవరి 17న మధ్యంతర బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం ఓఆర్‌ఓపీకి ఒప్పుకుని 500 కోట్లు పెట్టారు. అదే నెల 26న అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ పెట్టిన మీటింగ్ మినిట్స్‌లో ఈ నిర్వచనమే కూర్చుంది. ప్రభుత్వం మారింది, జులై బడ్జెట్‌లో కొత్త ఆర్థిక మంత్రి జైట్లీ ఇంకో 1000 కోట్లు ప్రకటించారు, 2014 డిసెంబర్‌లో రాజ్యసభలో ఒక ప్రశ్నకి రక్షణ శాఖ ఇచ్చిన జవాబులోనూ ఇదే నిర్వచనం. అంటే రెండు ప్రభుత్వాలూ పిటిషన్స్ కమిటీ భాషలోనే మాట్లాడాయి, ఒక పిటిషన్‌కి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది ఇక్కడికి.

కానీ డబ్బులు రాలేదు. ఈ ముక్క చెప్పకుండా ఓఆర్‌ఓపీని పిటిషన్ విజయం అని చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. 2015 జూన్ నుంచి మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు, నిరాహార దీక్షలు చేశారు, డెబ్భై ఎనభై ఏళ్ల పెద్దవాళ్లు మెడల్స్ పెట్టుకుని రోడ్డు మీద ఉన్నారు. సెప్టెంబర్ 5న అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ప్రకటించారు, నవంబర్ 7న ఆర్డర్ వచ్చింది, 2014 జులై 1 నుంచి అమలు. రిపోర్టు సభ ముందుకొచ్చిన నాలుగేళ్లకి. రిపోర్టు లేకపోతే ఆ ధర్నాలో ఏం అడగాలో ఇంత స్పష్టంగా ఉండేది కాదు, ధర్నా లేకపోతే ఆ రిపోర్టు లైబ్రరీలో పడుండేది, ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు. ఇక ఖర్చు సంగతి, 1300 కోట్లన్నది 2011 నాటి అంచనా, ఆర్డరొచ్చాక ఏటా సుమారు 7,500 కోట్ల దాకా వెళ్లింది, 20 లక్షల పైచిలుకు పెన్షనర్లు. కమిటీ ముందు డిపార్ట్‌మెంట్ చెప్పే అంకె ఆ రోజుకి ఆ లెక్క మాత్రమే, దాన్ని రాతి మీద గీతలా పట్టుకుని కూర్చోకూడదు.

అసలు మెలిక ఆర్డర్‌లో ఉంది. 2013లో రిటైరైనవాళ్ల కనిష్ట, గరిష్ట పెన్షన్ల సగటు తీసి దాన్ని బట్టి పాతవాళ్లకి ఫిక్స్ చేస్తారు, తర్వాత ప్రతి 5 ఏళ్లకీ ఒకసారి సమం చేస్తారు. మరి కమిటీ చెప్పిన "దానంతటదే" ఏమైంది? మధ్యలో ఐదేళ్లు గ్యాప్ మళ్లీ పెరగదా? ఇదే పట్టుకుని మాజీ సైనికుల సంఘం సుప్రీంకోర్టుకెళ్లింది. వాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం కోశ్యారీ కమిటీ రిపోర్టే, మంత్రుల స్టేట్‌మెంట్లూ ఉన్నాయి. 2022 మార్చి 16న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ విక్రమ్ నాథ్ బెంచ్ తీర్పిచ్చింది. నా దగ్గరికొచ్చే ప్రతి సంఘానికీ ఈ తీర్పు చదివి వినిపిస్తా. కోర్టు ఏమందంటే, ఆ రిపోర్టు పిటిషన్స్ కమిటీ రాజ్యసభకి ఇచ్చినది, ఓఆర్‌ఓపీ డిమాండ్ వెనకున్న చరిత్ర తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతే కానీ దాన్ని ప్రభుత్వ విధానంగా చూడలేం, విధానం అంటే 2015 నవంబర్ 7 ఆర్డర్, అందులో రాజ్యాంగపరంగా తప్పేమీ లేదు. అయితే ఐదేళ్లకోసారి అన్నారు కాబట్టి 2019 జులై 1 నుంచి చేయాల్సిన రివిజన్ చేసి మూడు నెలల్లో బకాయిలు ఇమ్మంది.

ఆ మూడు నెలలు ఎంత సాగాయో పెన్షనర్లని అడగండి. 2022 డిసెంబర్ 23న క్యాబినెట్ ఓకే చేసింది, 25 లక్షల మందికి, బకాయిలు 23,638 కోట్లు. వాయిదాల్లో ఇస్తామంటే కోర్టు మళ్లీ కల్పించుకోవాల్సి వచ్చింది, 2023 మార్చి 20న ప్రభుత్వం సీల్డ్ కవర్‌లో నోట్ ఇవ్వబోతే కోర్టు తీసుకోలేదు, ఫ్యామిలీ పెన్షనర్లకీ గ్యాలంట్రీ అవార్డులున్నవాళ్లకీ ఏప్రిల్ ఆఖరుకి, 70 దాటినవాళ్లకి జూన్ ఆఖరుకి, మిగతావాళ్లకి మూడు వాయిదాల్లో 2024 ఫిబ్రవరి ఆఖరు లోపు అని షెడ్యూల్ వేసింది. తర్వాతి రివిజన్ 2024 జులై 1 నుంచి.

ఇప్పుడు అదే కమిటీ, అదే చైర్మన్, ఇంకో పెన్షన్ పిటిషన్ చూడండి. ఈపీఎస్-95, అంటే ప్రైవేటు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పీఎఫ్ కట్టినవాళ్ల పెన్షన్, 1995 నవంబర్ 16న మొదలైన స్కీమ్, మన రెండు రాష్ట్రాల్లో ఆర్టీసీలో పనిచేసినవాళ్లు కూడా చాలా మంది ఇందులోనే ఉన్నారు. దీని మీద 147వ రిపోర్టు 2013లో వచ్చింది, కనీస పెన్షన్ 3000 చేయమంది. 2014 సెప్టెంబర్ 1 నుంచి 1000 చేశారు. అక్కడే ఆగింది. సంఘాలు ఇప్పుడు 7500, దాని మీద డీఏ అడుగుతున్నాయి. రెండు రిపోర్టులూ స్పష్టంగానే ఉన్నాయి, రెండు చోట్లా పెద్దవాళ్లే, మరి ఒకటి కదిలి ఇంకోటి ఎందుకు కదల్లేదంటే నేను రెండు కారణాలు చెప్తా. ఓఆర్‌ఓపీ డబ్బు బడ్జెట్ నుంచి వస్తుంది, ప్రభుత్వం అనుకుంటే పెట్టేయొచ్చు, ఈపీఎస్‌లో ఫండ్ ఉంది, యజమాని వాటా నుంచి 8.33 శాతం, ప్రభుత్వం ఇచ్చేది 1.16 శాతం, ఏం పెంచమన్నా "ఫండ్ తట్టుకోలేదు" అనే జవాబు రెడీగా ఉంటుంది. రెండోది, ఎన్నికల ముందు సైనికుడి పెన్షన్‌కి ఉండే గౌరవం రిటైరైన కండక్టర్ పెన్షన్‌కి ఉండదు. చేదుగా ఉన్నా నిజం ఇదే.

ఆ మధ్య మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ కార్మికులు డ్రాఫ్ట్ పట్టుకొచ్చారు, పేరు వద్దు. సంఘం సెక్రటరీ గారు బాగా చదువుకున్న మనిషి, నాలుగు పేజీలు చేత్తో నీటుగా రాశారు. అందులో కనీస పెన్షన్ పెంచాలని ఉంది, గ్రాట్యుటీ బకాయి ఇప్పించాలని ఉంది, క్వార్టర్లకి పట్టాలు కావాలని ఉంది, హయ్యర్ పెన్షన్ మీద కోర్టులో నడుస్తున్న తమ కేసు తొందరగా తేల్చాలని ఉంది, చివర ప్రేయర్ ఇలా ఉంది: "కావున అయ్యా, మా కార్మికుల సమస్యలన్నింటినీ దయతో పరిశీలించి తగు న్యాయం చేయవలసిందిగా ప్రార్థన". నేను పెన్సిల్ తీసుకుని, సార్, గ్రాట్యుటీకి చట్టం కిందే వేరే అధికారి ఉన్నారు కాబట్టి ఇది పోయింది, పట్టాలు రాష్ట్రం సంగతి, అసెంబ్లీకి కూడా పిటిషన్స్ కమిటీ ఉంది అక్కడికెళ్లండి, కోర్టు కేసు మాట ఎత్తితే మొత్తం కాగితానికే ఎసరు అని ఒక్కోటి కొట్టేస్తుంటే ఆయన, "ఏంటండీ బాబూ, ఇక మాకేం మిగిల్చారు?" అన్నారు. మిగిలింది ఒక పేజీ. కనీస పెన్షన్ 1000 దగ్గరే 2014 నుంచి ఆగి ఉంది, ఇదే సభ కమిటీ 147వ రిపోర్టులో 3000 సిఫార్సు చేసింది, ఆ సిఫార్సు మీద తీసుకున్న చర్యని సభ ముందు పెట్టించాలి, ధరల పెరుగుదలకి తగ్గట్టు కనీస పెన్షన్‌ని నిర్ణీత కాలానికోసారి సవరించేలా స్కీమ్‌లోనే నిబంధన చేర్చమని సిఫార్సు చేయాలి. ప్రేయర్ ఇంతే.

నిర్ణీత కాలానికోసారి అని ఎందుకు పెట్టానంటే ఓఆర్‌ఓపీ అనుభవమే, ఎవరు ఎప్పుడు ఎలా పెంచాలో ప్రేయర్‌లో లేకపోతే ఆ ఖాళీని తర్వాత ఆర్డర్ రాసే అధికారి నింపుతాడు. స్కీమ్‌లోనే అని పెట్టింది కూడా అందుకే, కమిటీ రిపోర్టులో ఉన్న మంచి మాట రూల్‌లోకి ఎక్కకపోతే కోర్టులో నిలబడదని 2022 తీర్పు చెప్పేసింది కదా. సెక్రటరీ గారికి మొదట నచ్చలేదు, ఇంటికెళ్లి తమ సంఘం కమిటీవాళ్లతో మాట్లాడుకుని వచ్చి, పట్టాల సంగతి వేరే కాగితం మీద రాయండి అని రెండూ పట్టుకెళ్లారు.

సంఘాలు ఎక్కువగా వదిలేసే పని కౌంటర్‌సైన్ అయ్యాక మొదలవుతుంది. పిటిషన్ కమిటీకి వెళ్లాక అది అభిప్రాయాలు పంపమని ప్రకటన ఇవ్వొచ్చు, అప్పుడు లెక్కలతో మెమొరాండం రెడీగా ఉండాలి, సంచీలో దాచుకున్న జిరాక్సులు అప్పుడు తియ్యాలి, పిలిస్తే వెళ్లి మాట్లాడేది గట్టిగా అరిచే నాయకుడు కాదు, పెన్షన్ స్లిప్ ముందు పెట్టి లెక్క చెప్పగలిగే మనిషి అయ్యుండాలి. రిపోర్టు సభ ముందుకొచ్చాక ప్రభుత్వం ఏం చేసిందో కమిటీకి చెప్పాలి, చాలా సిఫార్సులు చడీచప్పుడు లేకుండా పోయేది ఆ దశలోనే. అందుకే ఎంపీ గారితో అదే విషయం మీద ప్రశ్న వేయించాలి, స్టార్ (మంత్రి సభలో నోటితో జవాబిచ్చేది) అయినా అన్‌స్టార్ (రాతలోనే జవాబిచ్చేది) అయినా పర్లేదు, ఎలాగైనా, రాతలో జవాబు వస్తుంది, ఓఆర్‌ఓపీలో 2014 డిసెంబర్ జవాబు అలా వచ్చిందే. లోక్‌సభ ఎంపీనే కావాలని పట్టుబట్టేవాళ్లకి నేను చెప్పేది, పెన్షన్ లాంటి ఏళ్ల తరబడి సాగే వాటికి రాజ్యసభ సభ్యుడు మేలు, ఆరేళ్లుంటాడు, సభ మధ్యలో రద్దు కాదు. ఆ ఫ్యాక్టరీ కార్మికులు కూడా ఇప్పుడు కౌంటర్‌సైన్ కోసం ఒక రాజ్యసభ ఎంపీ గారి ఆఫీసు చుట్టూనే తిరుగుతున్నారు, అనువాదం కాపీ మీద సంతకాలు మాత్రం అందరివీ అయిపోయాయి.